పదిహేడో బోల్టు వంతు

నా గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో నాకంటే ముందు ఒక ఇనుప రెయిలింగుకి తెలిసింది. తెలిసి ఊరుకుందా? నాకు గోల్డ్ మెంబర్‌షిప్ అమ్మబోయింది.

"వకుళ గారూ, నమస్కారం! మీరు కాస్త కంగారుగా ఉన్నట్టున్నారు. క్యూలో నిలబడటం ఎవరికైనా ఇబ్బందే. మా గోల్డ్ కుటుంబంలో చేరితే ఇకపై మీకు క్యూ ఉండదు. వివరాలు చెప్పమంటారా?"

నా పేరు దానికెలా తెలుసని అడగకండి. టిక్కెట్టు ఇచ్చేటప్పుడే పేరు, వయసు, పెళ్ళిరోజు, పిల్ల పుట్టినరోజు అన్నీ రాబట్టారు. గుండె సంగతి ఎలా తెలిసిందో మాత్రం నేను చెప్పాలి. గొంతు లోపల బిగించిన స్పీకరుది, కానీ ఆ రెయిలింగు మీదున్న పూత నాది. ఆరేళ్ళు చేతులు కాయలు కాచేలా పనిచేసి నేను కనిపెట్టింది. మనుషులకి ఏదో అంటగట్టడానికి కాదు, మనుషుల ప్రాణాలు కాపాడటానికి కనిపెట్టింది.

విశాఖపట్నంలో మా ప్రయోగశాల ఒక పాత గోడౌన్‌లో ఉంది. ఆరుగురం పనిచేసేవాళ్ళం. ఇనుము ఒక్కసారిగా విరగదు. రోజూ వంగి, సాగి, లోలోపల అలిసిపోతుంది. వెంట్రుక కన్నా సన్నని చీలిక ఒకటి పుట్టి, నెలల తరబడి పెరుగుతుంది. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. ఒకరోజు పదిమంది ఊగుతున్నప్పుడు టక్కున పోతుంది. మా పూతని ఇనుము మీద రంగులాగా వేస్తే, ఆ ఇనుము ఏ మూల ఏ కాస్త సాగినా అక్కడి కరెంటులో చిన్న తేడా వస్తుంది. మన చర్మానికి నొప్పి తెలిసినట్టు దానికి తెలుస్తుంది.

అయితే ఏది మామూలు సాగుడో, ఏది నొప్పో ఆ పూతకి ఎవరో ఒకరు నేర్పాలి. నేర్పినవాడు బొడ్డేపల్లి గవరయ్య.

గవరయ్య ఉల్లాసపురిలో ఫిట్టరు. ఉల్లాసపురి అంటే విజయనగరం వెళ్ళే దారిలో, సముద్రానికి దగ్గర్లో ఉన్న వినోదాల పార్కు. అక్కడ ఆకాశనౌక అని నలభై సీట్ల పెద్ద ఉయ్యాల ఉంది, పడవ ఆకారంలో. ఆ పడవంతా పైన ఉన్న ఇరుసుకి ఇరవై నాలుగు బోల్టులతో వేలాడుతుంది. గేట్లు తెరవకముందే గవరయ్య పొట్టి పిడి సుత్తి నడుముకి దోపుకుని నిచ్చెనెక్కేవాడు. ఒక్కో బోల్టునీ తట్టి, చెవి ఒగ్గి వినేవాడు.

"గట్టిగున్న బోల్టు కంచులాగ పలుకుతాదమ్మా. ఒదులైందనుకోండి, కొబ్బరిబొండం మీద కొట్టినట్టుంటాది. ఇనండి, ఇనండి. ఇదిగో, ఇది బాగున్నాది. ఇదిగో, దీనికి ఒంట్లో బాగోనేదు."

మూడు నెలలు రోజూ తెల్లవారకుండానే వెళ్ళి నేనూ ఆ నిచ్చెనెక్కాను. అతను తట్టేవాడు, బాగుందో లేదో చెప్పేవాడు, పూత ఆ క్షణంలో ఏమి పంపిందో నేను రాసుకునేదాన్ని. అలా పూతకి చెవి వచ్చింది. ఆ చెవి గవరయ్యది. పేటెంటు కాగితం మీద మాత్రం నా పేరొక్కటే ఉంది. అది నాకు అప్పట్లో తప్పనిపించనే లేదు.

తర్వాత నేను చేసిన బుద్ధితక్కువ పని చెబుతాను.

పూత ఎలా పనిచేస్తుందో చూడటానికి పార్కు కంపెనీ వాళ్ళు మా ప్రయోగశాలకి వచ్చారు. వాళ్ళకి పెద్ద కిరీటి. ఎక్స్‌పీరియన్స్ హెడ్ అట అతని హోదా. యంత్రంలో ఇనుప కడ్డీని వంచి, అది విరగడానికి నాలుగువేల ఊపుల ముందే పూత హెచ్చరించడం చూపించాను. నా జీవితంలో అంతకన్నా గొప్ప రోజు లేదు. కిరీటి ఆవలిస్తూ ఫోను చూసుకుంటున్నాడు.

ఆ రోజు బడికి సెలవని మా అమ్మాయి ఇందుజని కూడా తీసుకెళ్ళాను. అప్పుడు దానికి ఐదేళ్ళు. అది పూత వేసిన గొట్టం మీద చెయ్యి వేసింది. తెర మీద గీత టకటకా ఎగిరింది. ఆవలిస్తున్నవాళ్ళని ఎలాగైనా నవ్విద్దామన్న ఆత్రంలో నోరు జారాను. "ఇది గుండె చప్పుడు కూడా వింటుందండీ. అరచెయ్యి ఆనిస్తే చాలు, మనిషి భయపడుతున్నాడో సంబరపడుతున్నాడో ఇట్టే చెప్పొచ్చు."

కిరీటి ఫోను జేబులో పెట్టేశాడు. "మళ్ళీ చెప్పండి మేడమ్," అన్నాడు.

నేను మురిసిపోయి మళ్ళీ చెప్పాను.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. బోల్టులకీ ఇరుసులకీ నాలుగు లీటర్లు. రెయిలింగులకీ, కౌంటర్లకీ, కుర్చీల చేతులకీ మూడువందల లీటర్లు. చదువుకున్నదాన్ని, ఆ రెండు అంకెలూ పక్కపక్కనే చూసి కూడా సంతకం పెట్టాను. నా పూత లోకంలోకి వెళుతోందన్న సంతోషం కళ్ళకి అడ్డొచ్చింది.

ఆర్నెల్లకి పార్కులో పదకొండు మంది ఫిట్టర్లు ఇద్దరయ్యారు. గవరయ్య సుత్తి తీసేసుకుని, నెత్తిన నెమలి టోపీ పెట్టి, ఫొటోల కౌంటరు దగ్గర నిలబెట్టారు. వచ్చినవాళ్ళని ఆపి ఫొటో ఫ్రేములు అమ్మాలి. నాకు తెలిసి కిరీటికి ఫోను చేశాను. "మీ పూత ఉండగా సుత్తి ఎందుకు మేడమ్? ఇది మీ విజయమే కదా!" అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. అంతకు మించి ఏమీ చెయ్యలేదు. ఏదో చేసుండాల్సింది.

ఇక ఈ దసరా సెలవుల సంగతి. ఇందుజకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. తరగతిలో అందరూ ఆకాశనౌక ఎక్కారట, తనొక్కతే ఎక్కలేదట. మా ఆయనకి సెలవు దొరకలేదు. నేను, ఇందుజ, మా అత్తయ్యగారు మాణిక్యాంబ శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం. అత్తయ్యగారికి డెబ్భై ఒకటి. ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. పార్కులంటే ఇష్టం లేదు కానీ మనవరాలితో ఎక్కడికైనా వస్తారు.

గేటు దాటగానే ముగ్గురు అడ్డుపడ్డారు. ఒకరు మెంబర్‌షిప్ అన్నారు, ఒకరు ఫొటో ఆల్బమ్ అన్నారు, ఒకరు కొండ మీద సొంతిల్లు అన్నారు. ఉయ్యాల ఊగడానికి వచ్చినవాళ్ళకి సొంతిల్లు ఎందుకో నాకు అర్థం కాలేదు. వద్దంటే వినరు. "రెండే నిమిషాలండీ" అంటూ ఇరవై అడుగులు వెంటనడిచారు.

పార్కు ఎలా ఉందో చెప్పమంటారా? గచ్చు మీద పలకలు లేచిపోయి, పిల్లల కాళ్ళకి తగులుతున్నాయి. సున్నపు ఏనుగు తొండం ఊడిపోయి లోపలి ఇనుప చువ్వ పిల్లల కళ్ళ ఎత్తులో పొడుచుకొచ్చింది. ఫౌంటెన్‌లో నీళ్ళు పచ్చగా పాచిపట్టి ఉన్నాయి. ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు, కరెంటు తీగతో కట్టారు. కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదు. కానీ కుళాయి పైనున్న అద్దం మాత్రం "చేతులు పొడిబారుతున్నాయా? మా షాపులో క్రీము..." అంది. నీళ్ళు లేకపోతే పొడిబారక ఏం చేస్తాయి? నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు కనిపెట్టింది ఇదేనా వకుళా?" అన్నారు అత్తయ్యగారు, అద్దం వైపు చూస్తూ. ఆవిడ వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగారు.

పార్కంతటికీ మెరుస్తున్నది ఒక్కటే. రెయిలింగులు. వాటి మీద కొత్తగా మళ్ళీ పూత వేశారు.

ఆకాశనౌక దగ్గరికి చేరేసరికి పదీ నలభై అయింది. క్యూ తొందరగానే ముందుకి కదిలింది. ఇందుజ ముందు నిలబడింది, వెనక అత్తయ్యగారు, ఆ వెనక నేను. పడవ నిండా పిల్లలతో ఊగుతోంది. పాటల హోరులో ఎవరికీ వినిపించి ఉండదు. పడవ సముద్రం వైపు పైకి లేచి తిరిగి వచ్చేటప్పుడు, పై నుంచి ఒక చప్పుడు. ఊగిన ప్రతిసారీ, అక్కడే. గవరయ్య పక్కన మూడు నెలలు నిచ్చెన మీద నిలబడ్డ మనిషిని నేను. అది కొబ్బరిబొండం చప్పుడు.

పడవ ఆగింది. పిల్లలు దిగారు. తర్వాతి జట్టు తోసుకుంటూ లోపలికెళ్ళింది. "ఇందూ, ఆగు!" అని నేను అరిచేలోగా ఇందుజ పరిగెత్తి నడిమి వరసలో కూర్చుంది. ఒళ్ళో ఇనుప కడ్డీలు దిగి టకటకా బిగుసుకున్నాయి. ఇక ఊగడం పూర్తయితే గాని అవి లేవవు.

గబగబా ఫోను తీశాను. పూత పంపేవన్నీ చూసే వీలు, తయారుచేసినదాన్ని కాబట్టి, నాకింకా ఉంది. పార్కులోని పూతలన్నీ పంపే కబుర్లు ఒకే కంప్యూటర్ పెట్టెకి చేరతాయి. ఆ పెట్టె ఒక్కో క్షణం ఒక్కో చోటి కబురు వింటుంది. ఎవరి వంతు ముందో పార్కువాళ్ళే మార్చుకోవచ్చు. ఆ వీలు నేనే పెట్టాను. గాలివానప్పుడు స్తంభాలకి, రద్దీ రోజుల్లో ఉయ్యాలలకి ముందు వంతు ఇస్తారనుకున్నాను.

తెర మీద మొదట రెయిలింగులు కనిపించాయి. సెకనుకి నలభైసార్లు వింటోంది. తర్వాత ఐస్‌క్రీం కౌంటరు, బొమ్మల షాపు, మరుగుదొడ్డి అద్దాలు. వేలితో కిందికి జరుపుతూ పోతే అట్టడుగున ఉంది. "ఆకాశనౌక ఇరుసు బోల్టులు, 1 నుంచి 24: వంతు కోసం వేచి ఉన్నాయి. చివరిసారి విన్నది: తొమ్మిది రోజుల క్రితం."

దాని పక్కనే పచ్చ దీపం వెలుగుతోంది. చెడు కబురేమీ రాలేదు కాబట్టి పచ్చ దీపం. అసలు అడగనే లేదు కాబట్టి చెడు కబురు రాలేదు. నేను బోల్టుల మాట వెంటనే వినమని ఆజ్ఞ ఇచ్చాను. "అమ్మకాల వేళల్లో వంతు మార్చడం కుదరదు" అని వచ్చింది.

అప్పుడు పలికింది, నేను పట్టుకున్న రెయిలింగు. మీరు కంగారుగా ఉన్నట్టున్నారు, గోల్డ్ కుటుంబంలో చేరతారా అని.

నా బిడ్డ చావు భయం దానికి బేరానికి పనికొచ్చింది!

గేటు దగ్గర ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి ఉంది. ప్రవల్లిక అని చొక్కా మీద పేరు. "అమ్మా, ఉయ్యాల ఆపు. బోల్టు వదులైంది. నేను ఆ పూత తయారుచేసినదాన్ని," అన్నాను.

ప్రవల్లిక మొహం పాలిపోయింది. "ఇక్కడ బటన్ లేదు మేడమ్. కంట్రోల్ రూముకి మార్చేశారు. అక్కడ కూడా ఎవరూ ఉండరు, దానంతటదే తిరుగుతుంది. నాకిచ్చింది ఈ ట్యాబ్ ఒక్కటే. మెంబర్‌షిప్‌లు చెయ్యడానికి."

"కదలడానికి ఎంతసేపుంది?"

"రెండు నిమిషాలండీ."

కిరీటికి ఫోను చేశాను. ఎత్తాడు. చెప్పాను. ఒక్క గుక్కలో చెప్పాను. "మేడమ్, మీ గుండె వేగం నాకు ఇక్కడ కనిపిస్తోంది. చాలా ఎక్కువగా ఉంది. మా లాంజ్‌కి వచ్చి చల్లగా ఏదైనా తాగండి. దీపం పచ్చగానే ఉంది కదా? మీ పూతని మీరే నమ్మకపోతే ఎలా?" అని నవ్వాడు.

ఫోను నేలకేసి కొట్టాలనిపించింది.

అత్తయ్యగారు అంతా వింటున్నారు. ప్రవల్లిక వైపు తిరిగారు. "అమ్మాయ్, ఇది ఏం చేస్తే ఆగుతుంది? ఏదో ఒకదానికి ఆగుతుంది కదా?"

ప్రవల్లిక తడబడింది. "గోల్డ్ మెంబర్‌షిప్ తీసుకుంటామని ఎవరైనా అంటే ఆగుతుందండీ. గోల్డ్ వాళ్ళకి ముందు వరస సీట్లు ఇవ్వాలి కదా. వాళ్ళు సంతకం పెట్టేదాకా పడవ కదలదు."

"అయితే నేను తీసుకుంటాను," అన్నారు అత్తయ్యగారు. రెయిలింగు మీద అరచెయ్యి గట్టిగా ఆనించారు.

"శుభాకాంక్షలు మాణిక్యాంబ గారూ!" అంది రెయిలింగు. పాటలు ఆగాయి. పడవ మీది పసుపు దీపం వెలిగింది. ఇందుజ వరసలోంచి మెడ సాచి మా వైపు అయోమయంగా చూస్తోంది.

"సంతకం ఈ తెర మీద పెట్టండి."

"పెడతాను, కానీ ఇప్పుడు కాదు," అన్నారు అత్తయ్యగారు నింపాదిగా. "ఇవాళ శుక్రవారం. పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. రాహుకాలంలో నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టను. పన్నెండు దాటాక పెడతాను."

నేను నోరు తెరిచాను. మా అత్తయ్యగారు రాహుకాలంలోనే మా పెళ్ళి మాటలు మాట్లాడటానికి వచ్చిన మనిషి. పంచాంగం వంక ఏనాడూ చూడలేదు.

రెయిలింగు ఒక క్షణం ఆలోచించింది. "మీ విశ్వాసాలను మేము గౌరవిస్తాం. పన్నెండు గంటల వరకు మీ ముందు వరస మీకోసం ఎదురుచూస్తుంది."

ఎవరో అమ్మకాలవాడు అది కూడా ముందే ఆలోచించి పెట్టాడన్నమాట. రాహుకాలానికి ఆగుతుందట. బోల్టు విరుగుతోందంటే ఆగదట!

"వకుళా, నిలబడి చూస్తావేం? ఎవరో ఫిట్టరున్నాడన్నావుగా, పరిగెత్తు," అన్నారు అత్తయ్యగారు.

ఫొటోల కౌంటరు దగ్గర నెమలి టోపీతో గవరయ్య నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే మొహం పక్కకి తిప్పుకున్నాడు. నేను వగరుస్తూ చప్పుడు సంగతి చెప్పాను. "సముద్రం దిక్కుకా? తిరిగొచ్చేటప్పుడా?" అన్నాడు. అవునన్నాను. టోపీ తియ్యడం కూడా మరిచి పరుగు తీశాడు. దారిలో చెరకురసం దుకాణంలో ఐసు పగలగొట్టే సుత్తి కనిపిస్తే లాక్కున్నాడు.

"ముందు పిల్లగుంటల్ని దించాల," అన్నాడు పడవ దగ్గరికి రాగానే. "కిందన వరసకో పిన్ను ఉంటాది. లాగితే కడ్డీలు లెగుస్తాయి. పది వరసలు. ఇది కదలదు గదమ్మా?"

"కదలదు," అన్నాను.

"ఖాయవేనా?"

నేను అత్తయ్యగారి వైపు చూశాను. "ఖాయమే," అన్నాను.

గవరయ్య పడవ కింద దూరాడు. అక్కడ పడుకుంటే గాని పిన్ను అందదు. పడవ ఒక్క జానెడు కదిలినా అతని ఛాతీ నలిగిపోతుంది. ఇటు పిల్లలు, కింద గవరయ్య. మధ్యలో అడ్డుగా ఉన్నది డెబ్భై ఒకటేళ్ళ మా అత్తయ్యగారి బేరం ఒక్కటే.

ఐదు నిమిషాలకి రెయిలింగు మళ్ళీ పలికింది. "మాణిక్యాంబ గారూ, మీకో శుభవార్త! మా ఆన్‌లైన్ పురోహితుల వారు రాహుకాల దోషం ఉచితంగా పోగొడతారు. ఇప్పుడే సంతకం పెట్టవచ్చు."

"మా ఇంటి పురోహితుడు చెబితే తప్ప నేను వినను. ఆయన పన్నెండు దాకా ఫోనెత్తడు."

"సగం ధరకే ఇస్తాం. ఈ పది నిమిషాలు మాత్రమే."

"సగానికే ఇస్తున్నారంటే అందులో ఏదో లోపం ఉండుంటుంది. మొదట్నించీ చెప్పు. గోల్డ్ అంటే ఏమిటి? సిల్వర్‌కీ దానికీ తేడా ఏమిటి? కార్డు మీద ఇంటిపేరు ముందొస్తుందా, వెనకొస్తుందా? మా చెల్లెలు కూడా చేరుతుందేమో, దానికేమైనా తగ్గిస్తారా?"

అది చెబుతూ పోయింది. ఆవిడ లెక్కల టీచరులాగా ప్రతి షరతునీ ఆపి, మళ్ళీ చెప్పించి, తప్పు పట్టారు. చెయ్యి మాత్రం రెయిలింగు మీంచి తియ్యలేదు. తీస్తే కొనే ఉద్దేశం పోయిందనుకుని పడవని వదిలేస్తుందని ప్రవల్లిక చెవిలో చెప్పింది. ఆవిడ మొహమంతా చెమట. "మీ గుండె వేగం చూస్తుంటే మీకు ఇది ఎంతో నచ్చినట్టుంది!" అంది రెయిలింగు సంబరంగా.

"ఆ, చాలా నచ్చింది," అన్నారు అత్తయ్యగారు, మనవరాలి మీంచి చూపు మరల్చకుండా.

మొదటి వరస లేచింది. రెండోది. ప్రవల్లిక ట్యాబ్ నేల మీద పెట్టేసి, పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎత్తి దించడం మొదలుపెట్టింది. ఐదో వరసలో ఇందుజ దిగి, "అమ్మా, అసలు ఊగనే లేదు!" అని ఏడుపు మొహం పెట్టింది. నేను దాన్ని గుండెకి అదుముకున్నాను. పదో వరస లేచేసరికి ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. గవరయ్య మోచేతులు చీరుకుపోయి బయటికి వచ్చాడు.

ఆ తర్వాత నిచ్చెన ఎక్కాడు. తట్టడం మొదలుపెట్టాడు. పదహారు దాకా బాగానే పలికాయి. పదిహేడు మీద కొట్టగానే చప్పుడు చచ్చిపోయింది. రెండోసారి మెల్లిగా తట్టాడు. బోల్టు తల ఊడి అతని అరచేతిలో పడింది.

కిందికి దిగి దాన్ని నా చేతిలో పెట్టాడు.

ప్రవల్లిక గేటుకి గొలుసు వేసి తాళం పెట్టింది. అత్తయ్యగారు అప్పుడు రెయిలింగు మీంచి చెయ్యి తీసి, కింద కూలబడి, మంచినీళ్ళు అడిగారు.

నాలుగు రోజులకి జిల్లా తనిఖీ అధికారి ఆఫీసులో విచారణ. కంపెనీ ఏమని రాసిచ్చిందో వింటే మీకూ నాలాగే రక్తం మరుగుతుంది. దీపం పచ్చగా ఉండగా, ఫొటోల కౌంటరు ఉద్యోగి ఒకడు అనుమతి లేకుండా నిచ్చెనెక్కి, సుత్తితో కొట్టి బోల్టు విరగ్గొట్టాడట. గవరయ్య మీద కేసు పెట్టమని కోరింది.

విచారణకి ముందు కిరీటి వరండాలో నన్ను పక్కకి పిలిచాడు. "పూత సరిగ్గానే పనిచేసింది, దీపం పచ్చగానే ఉంది అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టండి మేడమ్. అబద్ధం కాదు కదా. లేదంటే మీ పూత పనికిరాదని మీరే ఒప్పుకున్నట్టు. ఎవరూ కొనరు. మీ ల్యాబులో ఆరుగురి పరిస్థితీ ఆలోచించండి."

లోపలికెళ్ళి బోల్టు తల అధికారి బల్ల మీద పెట్టాను. "విరిగిన చోట చూడండి సార్. ముప్పాతిక భాగం తుప్పు పట్టి ఉంది. చీలిక నెలల క్రితమే పుట్టింది. సుత్తి దెబ్బకి ఒక్క క్షణంలో తుప్పు రాదు. పూత హెచ్చరించేది చివరి నాలుగువేల ఊపుల్లో, అవి పడ్డ ఈ తొమ్మిది రోజులూ ఈ బోల్టు మాట పెట్టె వినలేదు. వినకుండా చేసింది వీళ్ళు. అలా చేసే వీలు పెట్టింది నేను. మనుషుల గుండె చప్పుడు అమ్ముకోవచ్చని వీళ్ళకి చెప్పింది కూడా నేనే. బోల్టు విరిగిందని కనిపెట్టింది మాత్రం గవరయ్య. ఆ పూతకి వినడం నేర్పింది కూడా అతనే. ఇదంతా రాసుకోండి, సంతకం పెడతాను."

పెట్టాను. ఆరేళ్ళ పని ఆ కాగితంతో పోయింది. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. వాళ్ళ మీద ఎంతో, నా మీదా అంతే.

అధికారి ఉల్లాసపురికి తాళం వేయించాడు. గవరయ్య మీద కేసు లేదన్నాడు. కిరీటి ఎవరికో ఫోను చేసుకుంటూ వెళ్ళిపోయాడు.

మెట్లు దిగుతూ గవరయ్యతో, "నన్ను క్షమించు," అన్నాను.

"క్షమాపణలు తరవాతమ్మా," అన్నాడు గవరయ్య. గొంతులో కోపం దాచుకోలేదు. "మూడు నెల్లు నా చెవిని పట్టుకెళ్ళి పూతలో ఎట్టేరు. ఎందుకని నానూ అడగనేదు, మీరూ సెప్పనేదు. అదలగుంచండి. ఈ కంపెనీకి ఇంకా నాలుగు పార్కులున్నాయి గదా. అక్కడా మీ పూతే గదా. అక్కడ బోల్టులెవుడు తడుతున్నాడు?"

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నాలుగు పార్కులు. అక్కడా ఫిట్టర్లని తీసేశారు. దసరా సెలవులింకా అయిపోలేదు.

వెనక్కి పరిగెత్తి అధికారిని అడిగాను. "అవి వేరే జిల్లాలండీ. నేను పైకి రాస్తాను. రెండు మూడు వారాల్లో కదులుతుంది," అన్నాడు. మంచివాడే. కానీ రెండు మూడు వారాలు.

మర్నాడు పొద్దున్నే నేనూ గవరయ్యా ఆ నాలుగింటిలో మొదటి పార్కు గేటు ముందున్నాం. అతని సంచిలో సొంత డబ్బుతో కొన్న కొత్త సుత్తి ఉంది. గార్డు సంచి విప్పి చూసి, సుత్తి లోపలికి తీసుకెళ్ళకూడదన్నాడు. ఎందుకో చెప్పాం. మేనేజరుకి ఫోను చేశాడు. మేనేజరు, దీపం పచ్చగా ఉంది, వాళ్ళని పంపించెయ్యి అన్నాడట. గోడ అవతల పెద్ద ఉయ్యాల పైకి లేస్తోంది, పిల్లల కేకలు వినిపిస్తున్నాయి.

నేను గేటుకి అడ్డంగా నేల మీద కూర్చున్నాను. గవరయ్య పక్కన కూర్చుని సుత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. గార్డు లేవమన్నాడు. లేవలేదు. మా వెనక క్యూ పెరిగింది. సెలవు పాడుచేస్తున్నారని తిట్టడం మొదలుపెట్టారు. ఒకాయన నా భుజం పట్టుకుని లాగాడు కూడా.

క్యూలో ముందున్న ఒకావిడ, చంకలో పిల్ల, పక్కన పిల్లాడు, విసుగ్గా నా ముందుకొచ్చి, "ఏంటమ్మా మీ గోల? పిల్లలు ఎండలో మాడిపోతున్నారు, లేవండి!" అంది.

నేను నా సంగతంతా చెప్పాను. పూత, పచ్చ దీపం, ఐదో వరసలో నా కూతురు. విరిగిన బోల్టు ఫొటో చూపించాను.

ఆవిడ ఫొటో చూసింది. తలెత్తి గోడ అవతల ఉయ్యాల వైపు చూసింది. కొడుకు చేతిలోని టిక్కెట్లు తీసుకుని కొంగున ముడేసుకుంది. పిల్లాడి రెక్క పట్టుకుని నా పక్కన నేల మీద కూర్చుని, వెనక్కి తిరిగి క్యూలో వాళ్ళందరికీ వినపడేలా, "కూర్చోండి!" అని గట్టిగా అరిచింది.